నాకు నేనిచ్చుకున్న చుట్ట

1955 మార్చి 1, మంగళవారం

అమ్మ ఉన్నప్పటి ఒక పొద్దు ఇవాళంతా గుర్తొస్తోంది. పండగ కాదు, చుట్టాలు రాలేదు, ఎవరికీ ఒంట్లో బాగోకపోవడమూ కాదు. నిరుడు మాఘంలో ఒక పొద్దు, అంతే.

మంచు ఇంకా విడలేదు. ఆవుకి కుడితి పెట్టి, పాలు పిండి, స్నానం చేసి, దీపం పెట్టుకుని పెరటి వసారాలోకి వచ్చేను. అమ్మ అప్పటికే స్తంభానికి ఆనుకుని కూర్చుంది. కాళ్లమీద దుప్పటి, పక్కన పొగాకు కట్ట, దారపుండ, ఇత్తడి గిన్నెలో నీళ్లు. "వచ్చేవా లచ్చిమీ" అంది. కనకమహాలక్ష్మి అని పూర్తిగా పిలిచే ఓపిక ఈ ఇంట్లో ఎవరికీ లేదు. అమ్మకి లచ్చిమిని. తమ్ముళ్లకీ చెల్లెలికీ అప్పని.

కట్ట విప్పి ఆకు ఎంచేను. ఈనె తీసేను. తడిచేత్తో ఆకు సాపు చేసి, లోపల ముక్కాకు పేర్చి, పీటమీద ఒత్తి చుట్టి దారం కట్టేను. పొయ్యిలోంచి పటకారుతో నిప్పు పట్టుకొచ్చేను. అమ్మ వెలిగించుకుని రెండు దమ్ములు లాగి, నిప్పున్న కొస నోట్లోకి తిప్పేసుకుంది. ఈ ఇంటి ఆడవాళ్లందరిదీ అడ్డపొగే. నుసి బయట రాలదు, చేతి పని ఆగదు, మాటా ఆగదు. చుట్ట అలా నోట్లో ఉండగానే అమ్మ తమ్ముడు బంగార్రాజుకి గానుగ ఎప్పుడు కట్టాలో చెప్పింది, వాడి పెళ్లాం అచ్చియ్యమ్మకి వంకాయలో ఏమి వెయ్యాలో చెప్పింది, దడి అవతల పొరుగామెతో దెబ్బలాడి, ఆమెకే చారెడు చింతపండు ఇప్పించింది.

నాతో "బాగా కుదిరిందే" అంది. ఆ పూటకి అంతే మాట. నేను చేతులు కడుక్కుని పూలు కొయ్యడానికి వెళ్లేను. పొగాకు వాసన చేతులకి ఉండిపోయింది. మందారాలకి కూడా అంటింది.

నాకెప్పుడూ ఎవరూ చుట్ట ఇవ్వలేదు. మా వాళ్లలో దాన్ని ఎవరూ తమంతట తాము పట్టుకోరు. తొలికాన్పయి పురిటి స్నానాలు తీరేక, అత్త తన నోట్లో చుట్ట తీసి కోడలి చేతిలో పెట్టాలి. చలి చెయ్యదట, పన్ను గట్టిపడుతుందట. తల్లి కూతురికి ఇవ్వకూడదు. నేను కాపురానికి వెళ్లకముందే ఆయన పోయేరు. అత్తవారి గడప ఎలా ఉంటుందో చూడలేదు. చుట్ట చేతికొచ్చినవాళ్లే సాయంత్రం వసారాలో కూర్చుని ఇంటి సంగతులు తేలుస్తారు. నేను నిప్పు అందిస్తాను.

దానికి బాధ ఏమీ లేదు. గుర్తొచ్చింది కనక రాసేను.


మార్చి 3, గురువారం

ఆఖరి తమ్ముడు సత్యారావు విశాఖపట్నం నుంచి మధ్యాహ్నం బస్సుకి దిగేడు. హార్బరులో గుమాస్తా. ఆలస్యంగా పెళ్లయింది, ఇప్పుడు పెళ్లానికి అయిదో నెల. ఆ పిల్లకి తల్లి లేదు.

సాయంత్రం వసారాలో అచ్చియ్యమ్మ, కె.కోటపాడు నుంచి వచ్చిన చెల్లెలు దేముడమ్మ, ఇద్దరూ చుట్టలు నోట్లో పెట్టుకుని కూర్చున్నారు. మగవాళ్లిద్దరూ గడపమీద. నేను నిప్పు పట్టుకెళ్లేను.

"అప్పని నాతో తీసుకెల్పోతాను వదినా" అన్నాడు సత్యారావు. "పురుడొక్కదానికే కాదు. ఇంక అక్కడే. ఇక్కడ ఆవు, పేడ, ఎన్నాళ్లని సేస్తది? అక్కడ కుళాయి ఉంది, కరెంటు దీపం ఉంది."

అచ్చియ్యమ్మ చుట్ట పళ్లమధ్య పక్కకి జరిపింది. "మంచి మాట బాబూ. వదిన ఈ ఇంట్లో సేసిన చాకిరీ ఎవరు సెయ్యగలరు? ఇంక సుఖపడాలి."

"సుఖమేటొదినా, సంటిగుంటడి గుడ్డలుతకడమా?" అని దేముడమ్మ నవ్వింది. చుట్ట లోపల ఉండగానే ఎలా నవ్వుతుందో అది.

"నువ్వూరుకోవే" అన్నాడు సత్యారావు. "అప్పకి పిల్లలంటే ప్రాణం."

"అప్పనడిగేవా?"

"అప్ప ఏనాడు కాదంది?"

నా చేతిలో పటకారు ఉంది. నిప్పు బూడిదవుతోంది. ఎవరూ నా వైపు చూడలేదు. చూడనందుకు తప్పు పట్టను. నిప్పు పట్టుకొచ్చినవాళ్లని ఆ వసారాలో ఎవరూ చూడరు. అచ్చియ్యమ్మ కాపురానికొచ్చిన కొత్తలో తననీ ఎవరూ చూడలేదు. పెద్దవాడు పుట్టేక అమ్మ దాని చేతిలో చుట్ట పెట్టింది. ఆ సాయంత్రమే అది మొదటిసారి అత్తకి ఎదురు చెప్పింది.

అమ్మ సంవత్సరీకం ఇరవయ్యో తారీకున. అప్పటికి చీడికాడ మేనత్త కూడా వస్తుంది, ఆవిడ ముందు ఖాయం చేద్దామనుకున్నారు.

నాకేటి. దేవుడు ఎక్కడైనా ఉంటాడు.


మార్చి 5, శనివారం

ఏకాదశి. ఉపవాసం. విశాఖపట్నంలో సత్యారావు ఇంటికి పెరడు లేదట. తులసి కోట కూడా లేదు, డబ్బాలో వేసుకోవచ్చు అన్నాడు.

నాకేటి.


మార్చి 8, మంగళవారం

సంతకి వెళ్లేను. చింతపండు, దీపానికి నూనె తెచ్చేను.

పొగాకు కూడా తెచ్చేను. బంగార్రాజుకి.

వాడు నా ఎదుట చుట్ట కాల్చడు. ఆ వయసులో, మీసం నెరిసేక, ఊళ్లో నలుగురికీ తగువులు తీర్చేవాడు నా గొంతు వినపడితే చుట్ట వెనక్కి దాచి నిలబడతాడు. ఒకసారి పంచె కాలింది. నేను చూడనట్టే ఉంటాను. వాడు కాల్చనట్టే ఉంటాడు. కాబట్టి వాడికి నేను పొగాకు కొనడమేమిటని పరదేశికి తోచినట్టుంది. సంతలో పొగాకు గంప వాడిదే.

"ఎవరికమ్మా? మీ అమ్మ సన్యాసమ్మగోరు పోయేక మీరిటు రాలేదు గదా."

"మా తమ్ముడికి."

"బాబుకైతే ఇదిగో, ముదురాకు. గాటుగుంటది. మగోళ్ల సరుకు." ఒక కట్ట నా ముందుకి తోసేడు.

ముట్టుకున్నాను. ఎండ ఎక్కువ తగిలిన ఆకు. నలిపితే పొడి అవుతోంది. పక్కన పెట్టేను. రెండోది నల్లగా మెరుస్తోంది. బెల్లం నీళ్లు చల్లి మెరుపు తెచ్చేరు, వేలికి అంటుకుంది. అదీ పక్కన పెట్టేను. గంప అడుగున గోనె కింద ఒక కట్ట కనపడింది. తియ్యమన్నాను.

"అది లంకాకమ్మా. గోదారి నుంచొచ్చింది. దానికి వేరే వాళ్లున్నారు."

"తియ్యి."

తీసేడు. ముదురు తేనె రంగు. కొసలు ఎక్కడా చిరగలేదు. చేతిమీద పరిస్తే గుడ్డలా వాలింది. ఈనె సన్నం. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొత్త బెల్లం, తడిసిన మట్టి, వాటి వెనక ఎక్కడో మిరియం. అమ్మకి ఇంత మంచి ఆకు దొరికిన రోజులు తక్కువ. అమ్మ నోటికి పళ్లు లేవు, గాటు పడేది కాదు, లేతాకే వెతకాలి. ఎప్పుడూ అమ్మ నోటితో ఎంచేదాన్ని. ఈ కట్ట పట్టుకున్నప్పుడు ఎవరి నోటితో ఎంచుతున్నానో నాకు తెలియలేదు.

"మీ తమ్ముడికి ఇంత మెత్తనిది ఆనదేమోనమ్మా" అన్నాడు పరదేశి.

"ఆనుతుంది. కట్టు."


మార్చి 9, బుధవారం

ఆకు బంగార్రాజుకి ఇవ్వలేదు. ఇంకా కొంచెం పదును పట్టాలి.


మార్చి 11, శుక్రవారం

వాడికి మెత్తనాకు పడదు. పరదేశి అన్నది నిజమే. వాడికి ఇవ్వడం దండగ.

పొద్దున్న విఘ్నేశ్వరుడి గుడికి వెళ్లేను. గరిక పెట్టి చాలాసేపు కూర్చున్నాను. పొగాకు కట్ట నా చేతిసంచిలోనే ఉంది. స్వామి ఎదుటకి తియ్యలేదు. నైవేద్యం కాదు కదా. ఊరికే తెలియజేసుకున్నాను. తండ్రీ, ఇంతవరకు ఇది కావాలని నిన్నొకటి అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు. చెబుతున్నాను, అంతే.

పూజారి కమలాలు లేవమ్మా, మందారాలే అన్నాడు. సరే అన్నాను.

స్వామి కాదనలేదు.


మార్చి 12, శనివారం

ఇవాళ జరిగింది రాయాలంటే చెయ్యి ఆగుతోంది. సిగ్గు వల్ల కాదు. నవ్వొచ్చి.

మధ్యాహ్నం అందరూ గానుగ దగ్గరున్నారు. ఆఖరి మడి చెరకు, పాకం దించే పని, అచ్చియ్యమ్మ కూడా అక్కడే. నేను ఆవుల శాల వెనక్కి వెళ్లి కూర్చున్నాను. ఒక ఆకు ఈనె తీసి చుట్టేను. చెయ్యి దానంతట అదే చుట్టింది. దారం కట్టేను. కుంపట్లో నిప్పు తెచ్చుకుని వెలిగించేను. రెండు దమ్ములు మామూలుగా లాగేను. దగ్గు రాలేదు. ఏళ్ల తరబడి ఆ పొగలోనే ఉన్నదాన్ని, రాదు.

ఇంక తిప్పి పెట్టుకోవాలి.

అన్నీ తెలుసనుకున్నాను. అమ్మ పెదవులు ముందు తడుపుకునేదని తెలుసు. నాలిక అడుక్కి నొక్కి, చుట్టని అంగిటికి తగలకుండా గాలిలో నిలబెట్టాలని తెలుసు. కానీ నేను ఎప్పుడూ చుట్టింది ఎవరికి? అమ్మకి. పళ్లు లేని నోటికి. ఆ నోట్లో చోటు ఎక్కువ కనక లావుగా, పొట్టిగా చుట్టేదాన్ని. ఇదీ అలాగే చుట్టేను. నా పళ్లు నాకున్నాయి. నోరు మూసేసరికి నిప్పుకీ నాలిక్కీ మధ్య చోటు లేదు.

తియ్యబోయేను. సరిగ్గా అప్పుడే శాల మలుపు తిరిగి బంగార్రాజు వచ్చేడు. నాకు కనపడకుండా చుట్ట కాల్చుకోవడానికి వచ్చేడు. వాడి చేతిలో వెలుగుతున్న చుట్ట. నా చేతిలో ఏమీ లేదు. నోరు మూసుకుని ఉంది.

"అప్పా!" చుట్ట వీపు వెనక్కి పోయింది. "ఇక్కడేటి సేస్తన్నావు?"

నేను మాట్లాడలేదు. ఎలా మాట్లాడను?

"నేనూరికే... దూడ సూద్దారని వచ్చేను."

తల ఊపేను. ముక్కులోంచి పొగ వచ్చింది. రానివ్వకూడదని ఊపిరి బిగబట్టేను. ఇంకా ఎక్కువ వచ్చింది.

వాడు నా మొహం చూసేడు. పైకి చూసేడు. శాల కప్పు చూసేడు. "అప్పా, ఎక్కడో గడ్డి అంటుకున్నట్టుంది, పొగొస్తంది" అని కంగారుగా తిరిగేడు. తిరిగి మళ్లీ నా మొహమే చూసేడు. నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. పెదవుల మధ్య కాస్తంత ఆకు కొస బయటికుంది. అది వాడికి కనపడింది.

చాలాసేపు ఎవరం కదలలేదు. వాడి చేతిలో చుట్ట వాడి వేళ్లదాకా కాలింది కాబోలు, "అబ్బా" అని వదిలేసి కాలితో నలిపేడు. ఆ సందులో నేను నోట్లోది తీసేసి కుంపట్లో పారేసేను.

"దూడ బాగుంది" అన్నాను. నాలిక సరిగ్గా తిరగలేదు.

"బాగుందప్పా" అన్నాడు. చేతులు కట్టుకుని, చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి దొరికినప్పుడు నిలబడినట్టే నిలబడ్డాడు. తప్పు నాదైతే వాడు నిలబడ్డాడు. వెళ్లమన్నాను. వెళ్లేడు. మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా, "అప్పా, సన్నంగా సుట్టుకో" అన్నాడు.


మార్చి 13, ఆదివారం

నాలిక కొస పొక్కింది. మజ్జిగే తాగేను.

"ఏటొదినా, మాట తగ్గింది?" అంది అచ్చియ్యమ్మ. ఎక్కువ ఎప్పుడుండేది అన్నాను.

బంగార్రాజు పెళ్లానికి చెప్పలేదు. చెబితే దాని మొహంలో దాగదు.


మార్చి 14, సోమవారం

సత్యారావు విశాఖపట్నం నుంచి మనిషి చేత కబురంపేడు. నా కోసం ట్రంకుపెట్టె కొన్నాడట. దీపం పెట్టుకుని కూర్చున్నాను. మనసు నిలవలేదు.

ఇవాళ చుట్ట సంగతి తలచుకోలేదు. రెండుసార్లే.


మార్చి 16, బుధవారం

సన్నంగా చుట్టేను. పొడుగ్గా. లోపలి ముక్కాకు తక్కువ వేసి, పై ఆకు రెండు చుట్లు తిప్పేను. రాత్రే తడిగుడ్డలో పెట్టి ఉంచేను. పొద్దున్న పూజ అయ్యేక, ప్రసాదం అందరికీ పెట్టేక, గానుగకి అందరూ వెళ్లిపోయేక, పెరటి మెట్టుమీద కూర్చున్నాను. ఈసారి దాక్కోలేదు. చూసేవాళ్లు ఎలాగూ లేరు, అయినా శాల వెనక్కి వెళ్లలేదు. రాయడం ఎందుకంటే, అది నేను ఆలోచించి చేసిన పని.

పెదవులు తడుపుకున్నాను. వెలిగించేను. తిప్పేను.

నిలిచింది.

లోపలంతా వెచ్చదనం. కాల్పు కాదు, చలిపొద్దున్న పొయ్యిముందు అరచేతులు పెట్టుకున్నట్టు, ఆ అరచేతులు నోట్లో ఉన్నట్టు. ముందు చేదు. తర్వాత చేదు కింద తీపి. పొగ నిదానంగా ముక్కులోంచి వెళ్లింది. ఈసారి నేను పంపితే వెళ్లింది. గానుగ వైపు నుంచి పాకం వాసన వస్తోంది, రెండూ కలిసేయి. ఎద్దు మెడ గంట వినపడుతోంది. ఎంతసేపో ఏ పనీ గుర్తు రాలేదు. పని గుర్తు రాని పొద్దు నాకు ఇంతకు ముందు ఉందా అని చూసుకుంటే దొరకలేదు.

జపం చేస్తున్నప్పుడు మనసు మధ్యలో పారిపోతుంది. ఆవు దగ్గరికో, ఉప్పు డబ్బా దగ్గరికో. వెనక్కి తెచ్చుకోవాలి. దీంట్లో పారిపోతే నాలిక కాలుతుంది. కాబట్టి పారిపోలేదు. అపచారమో కాదో తెలియదు, కానీ అలా కూర్చునే నామం చెప్పుకున్నాను. పెదవి కదపకుండా. బాగా సాగింది.

చుట్ట సగానికి వచ్చేదాకా నుసి ఒక్క రవ్వ నాలికమీద పడలేదు. నేను చుట్టినది కనక.

ఇంత బాగా చుడతానని నాకు తెలియదు. అందరూ అన్నారు, అమ్మ కూడా అంది. నాకు తెలియదు.


మార్చి 18, శుక్రవారం

సంవత్సరీకం పనులకి దేముడమ్మ ముందే వచ్చింది. గడప దాటుతూనే ఆగిపోయి నా చీర చెంగు పట్టుకుని వాసన చూసింది.

"ఒలప్పో! ఎవరిదే ఈ వాసన?"

"పొగాకు కట్ట ముట్టుకున్నాను."

"కట్ట ముట్టుకుంటే పచ్చాకు వాసనొస్తది. ఇది కాల్చిన వాసన. నాకు సెప్తన్నావా?" నడుం మీద చేతులేసుకుంది. తర్వాత కిందకి కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ఉన్నట్టుండి ఊరుకుంది. "మా అప్ప" అంది.

తర్వాత తన నోట్లో చుట్ట తీసి నా ముందుకి చాపింది. "నేనిస్తానప్పా. నీకెవరూ ఇవ్వలేదని గదా నువ్వు ఇన్నాళ్లూ... ఇదిగో, నేనిచ్చేనంటే ఎవరేటంటారు? తీసుకో. రేపు వసారాలో అడిగితే, దేముడమ్మ ఇచ్చిందని సెప్పు."

మంచి మనసుతోనే ఇచ్చింది. అది ఇస్తే నా దారి సులువు. తీసుకోలేదు.

"ఎందుకే?"

"నేను ఎత్తుకు పెంచినదానివి. నీ చేత్తో పుచ్చుకోను."

"మరెవరి చేత్తో పుచ్చుకుంటావు?"

నా సంచి తీసి నేను చుట్టుకున్నది చూపించేను. అది అటూ ఇటూ తిప్పి చూసింది. దారం ముడి చూసింది. గోటితో కొట్టి చూసింది. "లంకాకా?"

"ఊఁ."

"నాకొకటి సుట్టు" అంది.

చుట్టలేదు. వసారాలో కూర్చున్న అందరికీ ఇన్నేళ్లూ నిప్పు అందించేను. ఈ కట్ట నాది అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. అది కోపగించుకోలేదు. "అబ్బో" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.


మార్చి 20, ఆదివారం

అమ్మ సంవత్సరీకం బాగా జరిగింది. బ్రాహ్మలు తృప్తిగా వెళ్లేరు. సాయంత్రం జరిగింది రాసుకుని పడుకుంటాను.

ఎండ తగ్గేక వసారాలో చేరేరు. చీడికాడ మేనత్త అప్పలనరసమ్మ అమ్మ కూర్చునే స్తంభం దగ్గర కూర్చుంది. నాన్నకి అప్ప, మా అందరికీ పెద్దదిక్కు. చూపు ఆనదు, చెవులు మాత్రం పాముచెవులు. ఆవిడకి అటు అచ్చియ్యమ్మ, ఇటు దేముడమ్మ. బంగార్రాజు, సత్యారావు గడపమీద. సత్యారావు పెళ్లాం రాలేదు, ప్రయాణం వద్దన్నారు.

నేను పటకారుతో నిప్పు తెచ్చి ముగ్గురికీ అందించేను. సత్యారావు అప్పటికే మొదలెట్టేడు. కుళాయి, కరెంటు దీపం, ట్రంకుపెట్టె. అత్త తల ఊపుతోంది. రోజూ అయితే నిప్పు అందించి వంటింట్లోకి వెళ్తాను. ఇవాళ పటకారు కింద పెట్టి, దేముడమ్మ పక్కన చాపమీద కూర్చున్నాను. రొండిన దోపుకున్న చుట్ట తీసేను. ఆ నిప్పుతోనే వెలిగించేను. రెండు దమ్ములు లాగి తిప్పి పెట్టుకున్నాను.

సత్యారావు మాట మధ్యలో ఆగింది.

"ఏటి, ఊరుకున్నారు?" అంది అత్త.

"అప్ప సుట్ట ముట్టించింది" అంది దేముడమ్మ. గొంతులో సంతోషం దాచుకోవడం దానికి చేతకాదు.

"ఎవరు? లచ్చిమా? ఎవరిచ్చేరే నీకు?"

"ఎవరూ ఇవ్వలేదత్తా. నేనే ఎంచుకున్నాను. నేనే చుట్టుకున్నాను." చుట్ట నోట్లో ఉండగానే అన్నాను. నిప్పు కదల్లేదు. పగలే మెట్టుమీద కూర్చుని మాట్లాడడం అలవాటు చేసుకున్నాను ఈ మూడు నాలుగు రోజులూ, ఆవుతో.

"అదేటొదినా, అత్త సెయ్యి లేకుండా ముట్టకూడదు గదా" అంది అచ్చియ్యమ్మ. గట్టిగా అనలేదు. భయపడింది పాపం.

"నాకు అత్త లేదు. అమ్మ ఇవ్వకూడదు. కోడలు పుట్టదు. ఇంక నేను ఎవరి చెయ్యి కోసం చూడాలి, అచ్చియ్యమ్మా?"

బంగార్రాజు నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. నవ్వు ఆపుకుంటున్నాడో, ఏడుపు ఆపుకుంటున్నాడో.

"నేను విశాఖపట్నం వెళ్లను" అన్నాను.

"అప్పా, నీ మంచికే గదా" అన్నాడు సత్యారావు.

"తెలుసురా. నువ్వు మంచివాడివే. నీ పిల్లని నేను పెంచుతాను. నీ పెళ్లానికి పురుడు పోస్తాను. కానీ నా దీపం ఇక్కడ, నా ఆవు ఇక్కడ. నన్ను అడగకుండా నా పెట్టె కొన్నావు."

"నిన్ను అడగాలని తోచలేదప్పా." వాడు నిజమే చెప్పేడు. మొహం చిన్నబోయింది.

"వదినా, నేను పొమ్మన్నానా?" అంది అచ్చియ్యమ్మ.

"అనలేదు. ఉండమనీ అనలేదు."

అది చుట్ట తీసి చేతిలో పట్టుకుంది. మా అమ్మ ఉన్నంతకాలం ఆ వంటింట్లో ఇది రెండో మనిషి. అమ్మ పోయేక నేనుండగా మళ్లీ రెండో మనిషే. అది నాకు తెలుసు, దానికీ నాకు తెలుసని తెలుసు. "తాళాలు నీ దగ్గరే ఉంచుకో" అన్నాను. "వంట నీది, వడ్డన నీది, చుట్టాలకి పెట్టుపోతలు నీవి. నేను వేలు పెట్టను. నాకు ఆవు, పూజగది, ఈ చాపమీద నా చోటు."

"అంత మాటెందుకొదినా" అని ముక్కు చీదింది. వద్దనలేదు మాత్రం.

అత్త ఇంతసేపూ వింటోంది. "ఇటు తే" అని చెయ్యి చాపింది. నా నోట్లోది తీసి ఇచ్చేను. చూపు ఆనని కళ్ల దగ్గర పెట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, వేళ్లతో పొడుగునా తడిమింది.

"ఆకు ఎవరెంచేరు?"

"నేనే."

"దారం ఎవరు కట్టేరు?"

"నేనే అత్తా."

"మా మరదలి నోటికి ఇన్నాళ్లూ నువ్వే గదా సుట్టేవు."

"నేనే."

ఆవిడ చుట్ట నా చేతిలో పెట్టేసింది. "ఇచ్చేనని అనుకోకు. నీది నీకు తిరిగిచ్చేను" అంది. "ఒరే సత్యంగా, నీ కుళాయి సంగతి అయింది. ఇప్పుడు పురుడు సంగతి సెప్పు. ఎవరెవరు ఏటంటారో అనండి."

దేముడమ్మ చెప్పింది. అచ్చియ్యమ్మ చెప్పింది. తర్వాత అత్త నా వైపు మొహం తిప్పి "నువ్వు సెప్పు" అంది. చుట్ట నోట్లో పెట్టుకుని చెప్పేను.

తేలింది ఇది. సత్యారావు పెళ్లాన్ని వైశాఖం వెళ్లేలోగా ఇక్కడికి తీసుకొస్తారు. పురుడు ఇక్కడే. పిల్లకి మూడో నెల వచ్చేదాకా తల్లీ బిడ్డా నా గదిలో ఉంటారు, నేను పూజగదిలో పడుకుంటాను. ట్రంకుపెట్టెలో బాలింత బట్టలు పెట్టుకోమన్నాం. సత్యారావుకి కొంచెం కష్టంగానే ఉంది, అన్నం సరిగ్గా తినలేదు, సర్దుకుంటాడు. తాళాలు అచ్చియ్యమ్మవి. చుట్ట పూజగది గడప దాటి లోపలికి పోకూడదని అత్త నాకు గట్టిగా చెప్పింది, ఒప్పుకున్నాను. నేను ఎక్కడికీ వెళ్లను.

ఇంతవరకు ఈ వసారాలో ముగ్గురు తేల్చేవారు. ఇవాళ నలుగురం తేల్చేం.